పాప తొలి స్కీయింగ్: బూటు సరిపోతే సగం పని అయినట్టే

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. పాపకి నాలుగేళ్ల మూడు నెలలు. ఎత్తు 103 సెంటీమీటర్లు, బరువు 16 కిలోలు. ఈ జనవరిలో మొదటిసారి స్కీయింగ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. మావారు ఆఫీసువాళ్లతో రెండుసార్లు వెళ్లొచ్చారు. "నేనే నేర్పేస్తా, క్లాసుకి డబ్బు దండగ" అంటున్నారు. నేను ఎప్పుడూ స్కీలు తొడగలేదు. పక్కింటివాళ్లు వాళ్ల పిల్లల పాత స్కీలు, బూట్లు ఇస్తామంటున్నారు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మేమో "చంటిదాన్ని ఆ మంచులో దొర్లిస్తారా" అని ఒకటే గోల. ఈ వయసుకి ఇది తొందరపాటా? ఏం కొనాలి, ఏం అద్దెకి తీసుకోవాలి, ఎవరు నేర్పాలి?
— ఒక తల్లి, ఎడిసన్

సమాధానం:

తొందరపాటేం కాదు. స్కీ స్కూళ్లు చాలావరకు మూడు, నాలుగేళ్ల నుంచే పిల్లల్ని చేర్చుకుంటాయి. అయితే ఎన్నేళ్లు నిండాయన్నదాని కంటే పాప ఏం చేయగలదన్నది చూడండి. ఒంటికాలి మీద ఐదు సెకన్లు నిలబడుతుందా? మెట్లు కాలు మార్చి కాలు వేస్తూ దిగుతుందా? ప్రీస్కూల్లో టీచరు మాట విని వరసలో నిలబడుతుందా? బాత్రూమ్‌కి వెళ్లాలని ముందే చెబుతుందా? నాలుగింటికీ అవుననే జవాబైతే బయల్దేరండి. చివరిదానికి కాదంటే మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి. హెల్మెట్, మిట్టెన్స్ (వేళ్లన్నీ కలిసి ఉండే చేతితొడుగులు), జాకెట్, బిబ్ (భుజాల మీద పట్టీలుండే మంచు ప్యాంటు) ఒక్కొక్కటే విప్పేలోపు ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మొదటి రోజు అయ్యేసరికి బూట్లతో నడవడం, దాదాపు చదునుగా ఉన్నచోట పదీ పన్నెండు అడుగులు జారడం, పడి లేవడం వస్తే చాలు. ఆగడం కూడా వచ్చిందంటే చాలా బాగా నేర్చుకున్నట్టు. కారెక్కేటప్పుడు "మళ్లీ ఎప్పుడొస్తాం" అని పాప అడిగితే ఆ రోజు పాసైనట్టే. ఆ ప్రశ్న రాకుండా చేసేవి నాలుగు: నొప్పెట్టే బూటు, తడిసిన వేళ్లు, ఆకలి, "ఇంకొక్కసారి" అనే నాన్న.

ముందు మీవారి సంగతి తేల్చేద్దాం. రెండుసార్లు వెళ్లొచ్చినవారు ఇంకా తమని తాము ఆపుకోవడం నేర్చుకునే దశలోనే ఉంటారు. నాలుగేళ్ల పిల్లకి నేర్పాలంటే పిల్లకి ఎదురుగా, వాలు కిందివైపు ఉండి, వెనక్కి జారుతూ దిగాలి. వంగి పిల్ల స్కీ కొనల్ని పట్టుకోవాలి, అదే సమయంలో పైనుంచి ఎవరొస్తున్నారో చూస్తుండాలి. రెండు ట్రిప్పులకి ఇది రాదు. పిల్లని కాళ్ల మధ్య నిలబెట్టుకుని దిగడం వీడియోల్లో ముద్దుగానే ఉంటుంది. పట్టు తప్పిందంటే మాత్రం పెద్దమనిషి బరువంతా పదహారు కిలోల పిల్ల మీద పడుతుంది. అది వద్దే వద్దు. పైగా ఈ వయసు పిల్లలు అమ్మానాన్నల దగ్గర గునిసినట్టు టీచరు దగ్గర గునవరు. పరికరాల మీద మిగిల్చిన డబ్బు క్లాసు మీద పెట్టండి. మా లెక్కలో దండగ అయ్యేది కొత్త స్కీలు కొనడం, క్లాసు కాదు.

నాలుగేళ్ల పిల్లకి మూడు గంటల గ్రూపు క్లాసు కంటే గంట సేపు ఒక్కరికే చెప్పే ప్రైవేటు పాఠం మేలు. గ్రూపులో ఎక్కువ సేపు వరసలో నిలబడడానికీ, ఎవరిదో ఊడిన స్కీ తొడగడానికీ పోతుంది. ఈలోపు కాళ్లు చల్లబడతాయి. ప్రైవేటు ఖరీదనిపిస్తే గ్రూపులో సగం పూట క్లాసు తీసుకోండి. రోజంతా ఉండేది మాత్రం ఈ ఏడాది వద్దు. జనవరిలో చాలా కొండల మీద కొత్తవాళ్లకి క్లాసు, అద్దె పరికరాలు, కింది వాలు టికెట్టు కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తారు. విడివిడిగా కొంటే ఎక్కువవుతుంది. మార్టిన్ లూథర్ కింగ్ డే వారాంతం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారాంతం వదిలేయండి. అద్దె కౌంటరు దగ్గర క్యూలోనే పాప ఓపిక అయిపోతుంది. ఎవరో ఒకరు సెలవు పెట్టుకుని మామూలు పనిరోజున వెళ్లగలిగితే అంతకంటే మంచిది లేదు.

ఎక్కడికి అంటే, పెద్ద కొండ అక్కర్లేదు. మీకు కావలసింది మ్యాజిక్ కార్పెట్ (పిల్లల్ని నిలబెట్టి పైకి తీసుకెళ్లే కదిలే బెల్టు) ఉన్న ఒక బుల్లి వాలు, వెచ్చటి గది, దగ్గర్లో బాత్రూమ్. మీవైపు బెర్గెన్ కౌంటీలో, మాహ్వా ఊళ్లో ఉన్న 'క్యాంప్‌గా' (Campgaw) అనే స్కీ కొండ చిన్నదే. పెద్దవాళ్లకి గంటలో విసుగొస్తుంది కానీ ఈ వయసుకి సరిగ్గా సరిపోతుంది. ఎత్తు తక్కువ కొండ కాబట్టి చలి తగ్గితే మూసేస్తుంటారు, బయల్దేరేముందు చూసుకోండి. డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండలకి వెళ్తామంటే షానీ, కేమెల్‌బ్యాక్ లాంటి స్కీ కొండలు ఉన్నాయి. ఏ కొండైనా క్లాసుకి కనీస వయసెంత, నాలుగేళ్లవాళ్లకి ప్రైవేటా గ్రూపా అన్నది టికెట్లు కొనకముందే కనుక్కోండి.

వాతావరణం 25 నుంచి 35 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, గాలి తక్కువగా, పొడిగా ఉండే రోజు చూడండి. వానపడే 35 డిగ్రీల కంటే పొడిగా ఉండే 25 డిగ్రీలే పిల్లలకి హాయి, ఎందుకంటే తడిసిన బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. 15 కంటే తగ్గితే మానేయండి. ఈ ప్రాంతంలో మంచు ఎక్కువగా యంత్రాలతో చేసిందే. అది రాత్రి గడ్డకట్టి పొద్దున్నే గచ్చులా గట్టిగా ఉంటుంది. అందుకే మొదటి పాఠం ఉదయం ఎనిమిదింటికి కాకుండా పదిన్నర తర్వాత పెట్టుకోండి. అప్పటికి పైపొర కాస్త మెత్తబడుతుంది, పడినా దెబ్బ తక్కువ.

ఇక బూట్లు. పాపకి స్కీయింగ్ నచ్చుతుందో లేదో తేల్చేవి ఇవే కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. షూ సైజుతో దీనికి పని లేదు. కాగితం మీద పాపని మడమ గోడకి ఆనించి నిలబెట్టి, పొడుగు వేలి దగ్గర గీత పెట్టి, రెండు పాదాలూ కొలవండి. కూర్చోబెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. పెద్ద పాదం 16.2 వచ్చిందనుకోండి, 16.5 బూటు. పిల్లల బూట్లు ఎక్కువగా 15.5, 16.5, 17.5 అని సెంటీమీటరు తేడాతో ఉంటాయి. "ఎదిగే పిల్ల కదా" అని రెండు సైజులు పెద్దది తీసుకోవడం మన ఇళ్లలో స్కూలు చెప్పుల దగ్గర్నుంచీ అలవాటే. స్కీ బూటు దగ్గర మాత్రం పనికిరాదు. పెద్ద బూటులో మడమ లేస్తుంది. మడమ లేస్తే పాప కాలు తిప్పినా స్కీ తిరగదు. అప్పుడు పాప వేళ్లతో బూటుని పట్టుకునే ప్రయత్నం చేస్తుంది, పిక్కలు పట్టేస్తాయి, పావుగంటలో ఏడుపు.

సరిపోయిందో లేదో చూసే పద్ధతి ఇది. బూటు లోపలి మెత్తటి తొడుగుని బయటికి లాగండి. ఖాళీ ప్లాస్టిక్ చిప్పలో పాప పాదం పెట్టి, వేళ్లు ముందుకి తగిలేదాకా జరపమనండి. మడమ వెనక మీ వేలు ఒకటి, మహా అయితే ఒకటిన్నర పట్టాలి. అంటే సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు. రెండు వేళ్లు పడితే బూటు పెద్దది. తొడుగు పెట్టి వేసుకున్నాక నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకి తగులుతున్నట్టుండాలి, మోకాళ్లు వంచి ముందుకి వాలితే కాస్త వెనక్కి రావాలి. పాప "బిగుతుగా ఉంది" అంటే, వంగి నిలబడినప్పుడు ఎలా ఉందో మళ్లీ అడగండి.

తర్వాత బూటు ఎంత గట్టిగా ఉందో చూడండి. తొడిగి బిగించాక పాప మోకాళ్లు వంచితే బూటు ముందుభాగం కొద్దిగా వంగాలి. రాయిలా ఉంటే ఆ బూటు వద్దు. చిన్నపిల్లలకి తల ఒంటితో పోలిస్తే బరువు, కాళ్లలో బలం తక్కువ. అందుకే సహజంగానే వెనక్కి వాలతారు. వంగని బూటు వాళ్లని ఇంకా వెనక్కి తోస్తుంది. ఈ సైజుల్లో ఒకటి రెండు బకిల్స్ ఉన్నది చాలు.

తొడిగేటప్పుడు సాక్సు ఒక్క జతే. మోకాలి కిందదాకా వచ్చే పల్చటి స్కీ సాక్సు కావాలి. చలికని రెండు జతలు వేస్తే పాదం నొక్కుకుపోయి రక్తం సరిగా ఆడదు, ఒక జతతో ఉన్నప్పటికంటే ముందే చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి వెళ్లకూడదు, పైన ఆగాలి. బూటులో ఉండాల్సింది పాదం, సాక్సు, అంతే. ఒక్క మడత ఉన్నా ప్లాస్టిక్ ఒత్తిడికి గంటలో పిక్క ఎర్రగా కందిపోతుంది. పాపకి కాళ్ల పట్టీలుంటే ఇంట్లోనే తీసేయండి. అద్దె కౌంటరు దగ్గరున్న కుర్రాళ్లకి పట్టీల సంగతి తెలియదు, వాళ్లు అడగరు. బూటు నాలుకని పైకీ ముందుకీ లాగి, పాదం దించి, మడమని నేలకేసి రెండుసార్లు కొట్టించి, అప్పుడు చీలమండ దగ్గర బకిల్ ముందుగా బిగించండి. పాదం మీదది ఊరికే తగిలిస్తే చాలు. రాత్రి బూట్లని కారు డిక్కీలో వదలకండి. చల్లబడిన ప్లాస్టిక్ తెరుచుకోదు, పొద్దున్న ఆ బూటులో పాదం దూర్చడానికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి.

పక్కింటివాళ్ల స్కీల విషయం. బట్టలు, గాగుల్స్ ఇస్తే సంతోషంగా తీసుకోండి. స్కీలు, బూట్లు మాత్రం మొదటిసారికి వద్దంటాం. స్కీ మీద బూటుని పట్టుకునే బైండింగ్ అనే బిగింపు ఉంటుంది. కాలు మెలిపడితే స్కీని వదిలేయాల్సింది అదే. ఎంత బలానికి వదలాలన్నది పాప బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగుభాగం పొడవుని బట్టి దుకాణంలో లెక్కకట్టి అమరుస్తారు. పక్కింటి పిల్ల బరువుకి అమర్చింది మీ పాపకి ఊడకపోవచ్చు. అప్పుడు విరిగేది మోకాలి కింది ఎముక. తీసుకోవాలనే ఉంటే బూట్లతో సహా స్కీ దుకాణానికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి. బైండింగ్ బాగా పాతదైతే, తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌కి బాధ్యత వహించడం మానేసి ఉంటే, దుకాణంవాళ్లు ముట్టుకోరు. వాళ్లు ముట్టుకోనిది మీరూ వాడకండి. ఇంట్లో స్క్రూడ్రైవరుతో సర్దడం అసలు వద్దు.

అద్దె ఫారంలో పాప బరువు నిజంగా రాయండి. జాకెట్ వేసుకుని తూచిన బరువు కాదు, "దగ్గరదగ్గర ఇరవై కిలోలు" అనే అంచనా అంతకన్నా కాదు. ముందురోజు ఇంట్లో తూచి, పౌండ్లలో రాసి పెట్టుకోండి. 16 కిలోలంటే 35 పౌండ్లు. స్కీల పొడవు పాప ఛాతీకీ గడ్డానికీ మధ్య ఉండాలి. మీ పాపకి 80 సెంటీమీటర్ల దగ్గరలో ఉన్నవి అడగండి. పొడుగువి ఇస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కించుకుని పడుతుంటుంది. చేతికర్రలు అక్కర్లేదు. ఇస్తామన్నా వద్దనండి, ఈ వయసులో అవి కళ్లలో పొడుచుకోవడానికే పనికొస్తాయి. ఈ సీజన్‌లో మూడు నాలుగుసార్లు వెళ్తామనిపిస్తే, దుకాణాల్లో సీజన్ మొత్తానికి ఒకేసారి అద్దెకిచ్చే పద్ధతి ఉంది. సైజులు బాగా దొరికేది శరదృతువులోనే కాబట్టి అది వచ్చే ఏడాదికి ఆలోచించండి.

బట్టల్లో నూలు వద్దు. ఒంటికి ఆనే పొర ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దానిమీద పల్చటి ఫ్లీస్, దానిమీద నీరు దిగని జాకెట్. కిందికి భుజాల మీద పట్టీలుండే స్నో బిబ్. పడినప్పుడు నడుము దగ్గర మంచు దూరదు. చేతులకి వేళ్ల గ్లవ్స్ కంటే మిట్టెన్స్ మేలు. వేళ్లన్నీ కలిసి ఉంటే వెచ్చగా ఉంటాయి, తొడగడమూ తేలిక. బొటనవేలు దూర్చడమే పెద్ద పని, అది కూడా ఇంట్లో ఆటలా చేయించండి. రెండో జత మిట్టెన్స్ తప్పకుండా ఉండాలి. మొదటి జత తడవడం ఖాయం. మెడకి స్కార్ఫు కట్టకండి, మ్యాజిక్ కార్పెట్‌లోనో, కూర్చోబెట్టి కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్‌లోనో చిక్కుకుంటుంది. గొట్టంలా ఉండే నెక్ గెయిటర్ వేయండి.

అమ్మగారు మంకీ క్యాప్ తీసి ఉంటారు ఈపాటికి. దాన్ని కారు దాకా ఉంచి, హెల్మెట్ పెట్టేముందు తీసేయాలి. లావు టోపీ మీద హెల్మెట్ పెడితే లోపల తల కదులుతుంది, దెబ్బ తగిలితే హెల్మెట్ పని చేయదు. మరీ చలిగా ఉంటే హెల్మెట్ కోసమే చేసే పల్చటి తొడుగు దొరుకుతుంది. హెల్మెట్ కనుబొమలకి ఒక వేలు పైన ఉండాలి. గడ్డం పట్టీ కింద ఒక వేలు పట్టాలి. పట్టీ పెట్టకముందు తల అడ్డంగా ఊపితే హెల్మెట్ తలతోపాటు కదలాలి. హెల్మెట్‌కీ గాగుల్స్‌కీ మధ్య నుదురు కనిపిస్తే ఆ రెండూ జోడీ కాదు, ఆ సందులోంచే చలి కొడుతుంది. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్2040 (ASTM F2040) లేదా ఈఎన్ 1077 (EN 1077) అనే స్కీ హెల్మెట్ భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడండి. సైకిల్ హెల్మెట్ దీనికి బదులు కాదు. న్యూజెర్సీలో 18 ఏళ్లలోపు వాళ్లకి స్కీ కొండ మీద హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. ఏ రాష్ట్రమైనా పాప తల మీద అది ఉండాల్సిందే. జడ వెనక కిందికి వేయండి. క్లిప్పులు, పైకి కట్టిన పిలక, పెద్ద కమ్మలు హెల్మెట్ కింద గుచ్చుకుంటాయి. ముఖానికి సన్‌స్క్రీన్ మరవకండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా తిప్పికొడుతుంది, ఎండ కింద నుంచి కూడా తగులుతుంది.

ఒక మాట దారి గురించి. ఈ దుప్పటిలాంటి జాకెట్‌తో పాపని కారు సీటులో కట్టకండి. గుద్దుకున్నప్పుడు జాకెట్‌లోని గాలి పోయి పట్టీలు వదులైపోతాయి. ఫ్లీస్‌తో కట్టి, జాకెట్‌ని పైన దుప్పటిలా కప్పండి. బిబ్, బూట్లు కొండ దగ్గరికి వెళ్లాకే.

వెళ్లేముందు వారం రోజులు ఇంట్లో ఆడించండి. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు కదా. ఇక్కడ టీచర్లు పిల్లలకి రెండే మాటలు చెబుతారు: స్కీలు పక్కపక్కనే తిన్నగా ఉంటే ఫ్రెంచ్ ఫ్రైస్, ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా ఉంటే పిజ్జా. పిజ్జా అంటే బ్రేకు. సాక్సులతో నున్నటి నేల మీద నిలబెట్టి పిజ్జా చేయమనండి. వేళ్లని లోపలికి తిప్పమనొద్దు, మడమల్ని బయటికి తొయ్యమనండి. అలా చెబితేనే కాలు మొత్తం కదులుతుంది. మీరు "ఆగు" అనగానే పిజ్జా చేసి మోకాళ్ల మీద చేతులు పెట్టాలి. ఇదే ఆట. మెట్లు పక్కకి ఎక్కడం, కుర్చీ మీద కూర్చున్నట్టు వంగి నడవడం, అద్దె బూట్లు ముందురోజే దొరికితే వాటితో కార్పెట్ మీద పావుగంట తిరగడం, ఇవన్నీ చేయించండి. ఇంట్లో పాప తెలుగే మాట్లాడుతుంటే "చలేస్తోంది", "కాలు నొప్పి", "బాత్రూమ్" అనే మూడింటినీ ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పడం నేర్పండి. టీచరుకి తెలుగు రాదు. చలితో గడ్డం వణుకుతున్నప్పుడు మాట వెతుక్కోవడం ఏ వయసువాళ్లకైనా కష్టమే.

ఆ రోజు ఉదయం కడుపు నిండా తినిపించండి, ఇడ్లీ అయినా ఉప్మా అయినా సరే. చలిలో చిన్న ఒళ్లు ఇంధనం త్వరగా ఖర్చుపెడుతుంది. మీ జేబులో రవ్వలడ్డూ, సున్నుండ, మెత్తటి ఖర్జూరం ఉంచండి. చిక్కీ, గ్రానోలా బార్లు చలికి రాయిలా అవుతాయి, జీడిపప్పు, వేరుశెనగ గుళ్లు ఈ వయసులో గొంతుకి అడ్డం పడతాయి. వేడి పప్పన్నం ఫ్లాస్కులో పెట్టుకుంటే కొండ కింది లాడ్జ్‌లో తినిపించొచ్చు. మన ఊళ్లలో గదులిచ్చే లాడ్జి అనుకునేరు, తినడానికి, వెచ్చబడడానికి ఉండే పెద్ద హాలు అది. బయటి తిండి ఎక్కడ కూర్చుని తినొచ్చో మాత్రం అక్కడివాళ్లని అడగండి. క్లాసుకి గంటన్నర ముందే చేరండి. బాత్రూమ్, తర్వాత బిబ్, తర్వాత బూట్లు, జాకెట్, గెయిటర్, హెల్మెట్, మిట్టెన్స్, ఈ వరసలో. హెల్మెట్ దాకా లోపలే ముందుగా వేసేసి కూర్చోబెడితే చెమట పడుతుంది, ఆ చెమటే బయట చలిగా మారుతుంది.

మంచు మీద మొదటి పది నిమిషాలు స్కీలు లేకుండా బూట్లతో నడవనివ్వండి. తర్వాత ఒక్క కాలికే స్కీ, రెండో కాలితో తోసుకుంటూ స్కూటరులా. తర్వాత మరో కాలికి మార్చాలి. అప్పుడే రెండు స్కీలు. బూటు అడుగున మంచు అంటుకుని ఉంటే బైండింగ్ పట్టదు, తొడగబోయే ప్రతిసారీ గీకాలి. స్కీలు తొడిగేటప్పుడు అవి వాలుకి అడ్డంగా ఉండాలి. తిన్నగా ఉంటే ఒకటి తొడిగేలోపే పాప బయల్దేరుతుంది. మొదటి జారుడు కోసం చివర్లో నేల కొంచెం పైకి లేచే చోటు వెతకండి. అక్కడ పాప బ్రేకు వేయకుండానే ఆగుతుంది. "నేను ఆగగలను" అన్న నమ్మకం కుదిరాక పిజ్జా నేర్పడం తేలిక.

పిజ్జా వెంటనే రాకపోతే కంగారు పడకండి. నాలుగేళ్ల కాళ్లకి మడమల్ని దూరంగా తోసి పట్టి ఉంచే బలం చాలదు, స్కీలు విడిపోయి కొనలు దూరమవుతాయి. రెండు కొనల్ని చిన్న రబ్బరు తాడుతో కలిపి ఉంచే క్లిప్పు ఉంది, ఎడ్జీ వెడ్జీ అంటారు. స్కీలు విడిపోకుండా అది చూసుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులకి మంచిదే. నడుముకి కట్టి వెనకనుంచి పట్టుకునే పట్టీ సంగతి వేరు. దాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే పాప వెనక్కి వాలి దాని మీదే ఆధారపడుతుంది, పిజ్జా ఎప్పటికీ రాదు. బాగా స్కీ చేయగలిగినవాళ్లు వదులుగా పట్టుకుని, వేగం హద్దు దాటినప్పుడే లాగడానికది. మీ ఇంట్లో ప్రస్తుతానికి ఆ పట్టీ పట్టుకోదగ్గవారు ఎవరూ లేరు, మీవారితో సహా.

పడినప్పుడు చేయి పట్టి పైకి లాగకండి. ఈ వయసులో మోచేతి కీలు సులువుగా జారుతుంది. వాలు కిందివైపు నిలబడి, చంకల కింద పట్టుకుని లేపండి. తనంతట తాను లేవాలంటే రెండు స్కీలూ ఒంటికి కిందివైపున, వాలుకి అడ్డంగా పక్కపక్కన ఉండాలి. అప్పుడు చేతులు నేలమీద వేసి, స్కీల దగ్గరికి నడిపించుకుంటూ లేవొచ్చు. స్కీలు కిందికి తిరిగి ఉంటే లేచిన మరుక్షణం జారి మళ్లీ పడుతుంది. ముందు నవ్వండి, తర్వాత లేపండి. మీ మొహం చూశాకే ఏడవాలా వద్దా అని పాప తేల్చుకుంటుంది.

వాలు పైకి తీసుకెళ్లేది మ్యాజిక్ కార్పెట్, ఎయిర్‌పోర్టులో నడిచే బెల్టు లాంటిదే. స్కీలు తిన్నగా, మోకాళ్లు కొద్దిగా వంచి, ముందువాళ్లకి దూరంగా నిలబడాలి, కూర్చోకూడదు. పైన దిగగానే పక్కకి తప్పుకోవాలి, అక్కడే ఆగిపోతే వెనకవాళ్లు మీద పడతారు. కుర్చీ లిఫ్ట్ మొదటి రోజు వద్దు. పిలిచిన చోట వరసగా మూడుసార్లు తనంతట తాను ఆగగలగాలి, ఎడమకీ కుడికీ తిరగగలగాలి. ఆ తర్వాతే, అదీ టీచరుతో. అప్పుడు పాపని లిఫ్ట్ ఆపరేటరు ఉన్నవైపు కూర్చోబెడితే ఎక్కేటప్పుడు ఆయన చేయి అందుతుంది. కుర్చీ నెమ్మది చేయమని ముందే అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వీపు కుర్చీకి ఆనించి, అడ్డకమ్మీ వెంటనే దించాలి. వీపుకి బ్యాగు ఉండకూడదు. వాలు మీద ముందు, కింద ఉన్నవాళ్లకే దారి హక్కు. ఆగాలంటే పైనుంచి వచ్చేవాళ్లకి కనిపించేచోట, అంచున ఆగండి. ఫోటో కోసం పాపని నడివాలులో నిలబెట్టడం అక్కడ మేం తరచూ చూసే తప్పు.

క్లాసు మొదలయ్యాక మీరు కనిపించకుండా ఉండండి. కంచె దగ్గర చేయి ఊపుతూ నిలబడితే పాప టీచరుని కాక మిమ్మల్నే చూస్తుంది. పాఠం అయ్యాక, లేదా నలభై నిమిషాలకోసారి లోపలికి తెచ్చి బుగ్గలు, ముక్కు, చెవి తమ్మెలు చూడండి. చర్మం పాలిపోయి మైనంలా ఉంటే చలిదెబ్బ మొదలవుతోందని అర్థం. రుద్దకండి. వెచ్చటి అరచేయి ఆనించి ఉంచండి, రంగు వచ్చేదాకా బయటికి వద్దు. "చలిగా లేదు" అని పాప చెప్పే మాటని బుగ్గలతో సరిచూసుకోవాలి. కాలు మీద బరువు వేయనంటే, మోకాలి కింద పట్టుకుంటే అరిస్తే, బూటు విప్పే ప్రయత్నం కూడా చేయకుండా స్కీ పెట్రోల్‌ని (దెబ్బ తగిలినవాళ్లని చూసుకునే కొండ సిబ్బందిని) పిలవండి. తలకి దెబ్బ తగిలి వాంతి, మగత, తలనొప్పి, తికమక ఏది కనిపించినా స్కీయింగ్ ఆపేసి వెంటనే డాక్టరుకి చూపించండి.

బయట మొత్తం సమయం గంటన్నర, మధ్యలో ఒక విరామంతో. ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే ఆపేయండి. టికెట్టుకి డబ్బు పెట్టాం కదా అని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నిలబెడితే, చివరి అరగంట ఏడుపే పాపకి గుర్తుంటుంది. మీవారికి ఇంకా స్కీయింగ్ చేయాలనుంటే పాప నిద్రపోయాక ఆయన్ని వెళ్లమనండి. పిల్లని మాత్రం అడ్డంపెట్టుకోవద్దు.

అమ్మగారిని ఇంట్లో వదిలి వెళ్లకండి. లాడ్జ్ కిటికీ పక్కన కూర్చోబెడితే పాప మెత్తటి వాలు మీద, హెల్మెట్‌తో, టీచరు పక్కన ఎలా పడుతోందో ఆవిడే చూస్తారు. విరామంలో పప్పన్నం కలిపి పెట్టే పని ఆవిడదే. ఇంటికి రాగానే బూటు తొడుగులు బయటికి లాగి, మిట్టెన్స్ లోపలి పొర తిరగేసి, గదిలో గాలి ఆడేచోట ఆరబెట్టండి. హీటరు మీద పెడితే తొడుగు ముడుచుకుపోతుంది. అద్దెవైతే రాత్రికే ఇచ్చేయండి. ఆలస్యమైతే రెండో రోజు అద్దె కూడా పడొచ్చు.